బిడ్డ గుంపులోనే ఉన్నాడనుకోవద్దు

పఠనము: లూకా సువార్త 2:41–52



పన్నెండేళ్ళ బాలయేసు తప్పిపోయిన సంఘటన మనకందరికీ తెలిసినదే. జపమాల చెప్పుకునే ప్రతి ఇంటిలోను సంతోష దేవరహస్యాలలో ఐదవదిగా దానిని ధ్యానిస్తాము. అయితే అందులో ఒక చిన్న విషయాన్ని మనం సాధారణంగా గమనించకుండా దాటిపోతాము. పాస్క పండుగ ముగించుకొని యెరూషలేము నుండి తిరిగి వస్తూ, మరియమ్మగారు, జోజప్పగారు ఒక రోజు ప్రయాణం పూర్తయ్యేవరకు బిడ్డను వెదకలేదు. అది వారి నిర్లక్ష్యం కాదు. బిడ్డ తోటి యాత్రికుల గుంపులోనే ఎక్కడో నడుస్తున్నాడని వారు అనుకున్నారు. అందరూ నడుస్తున్నారు, దారి సాగుతున్నది, ఊరు దగ్గరపడుతున్నది. బిడ్డ మాత్రం ఆ గుంపులో లేడు.

ఈ వారం పాఠానికి ఈ సంఘటననే ఆధారంగా తీసుకుందాం. ఎందుకంటే కరోనా కాలంలో మన బడులు మూతపడినప్పుడు మన పిల్లల విషయంలో ఇదే జరిగింది. తరగతులు గడిచిపోయాయి. హాజరు పట్టీలో పేర్లు పై తరగతికి ఎక్కాయి. బిడ్డ కూడా గుంపుతో పాటే వస్తున్నాడని మనం అనుకున్నాము. చాలామంది పిల్లలు వెనుక ఎక్కడో ఆగిపోయారు.

"అదంతా అయిపోయిన సంగతి కదా, ఇప్పుడెందుకు?" అని మీరు అడగవచ్చు. 2020 జూన్‌లో ఒకటవ తరగతిలో చేరవలసిన బిడ్డ పదవ తరగతి పరీక్ష వ్రాసేది 2030లో. అంతవరకు ఆ పిల్లలు మన ఇళ్ళలో, మన బడుల్లో, మన బోర్డింగుల్లోనే ఉంటారు. కనుక ఇది అయిపోయిన సంగతి కాదు.

జరిగినదేమిటి?

ముందుగా తేదీలను ఒకసారి గుర్తు చేసుకుందాం. 2020 మార్చి నెల మధ్యలో తెలంగాణలో విద్యాసంస్థలన్నీ మూసివేశారు. ఆ నెల 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. అప్పటికే మొదలైన పదవ తరగతి పరీక్షలు మధ్యలో ఆగి, జూన్‌లో రద్దయ్యాయి. 5 లక్షలకు పైగా విద్యార్థులను పరీక్షలు లేకుండానే ఉత్తీర్ణులుగా ప్రకటించారు. 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి ఛానెల్ ద్వారా, టీ-శాట్ ద్వారా 3 నుండి 10 తరగతుల వారికి పాఠాలు ప్రసారం చేశారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఆ పాఠాలూ లేవు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. అదే నెల చివరిలో 6, 7, 8 తరగతులు తెరిచారు. నెల తిరిగేసరికి, మార్చి 24 నుండి, మళ్ళీ అన్నీ మూతపడ్డాయి. ఏప్రిల్, మే నెలల్లో రెండవ విడత వ్యాధి ఎంతమందిని పొట్టన పెట్టుకున్నదో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనవసరం లేదు. చివరకు 2021 సెప్టెంబరు 1న బడులు తెరిచారు. గురుకులాలు, హాస్టళ్ళ విషయంలో హైకోర్టు అభ్యంతరం చెప్పడంతో అవి అక్టోబరు వరకు ఆగవలసి వచ్చింది. 2022 జనవరిలో మూడవ విడత భయంతో మరొకసారి మూసి, ఫిబ్రవరి 1న తెరిచారు.

ఈ లెక్కను ఒక బిడ్డ వైపు నుండి చూడండి. 2020 మార్చిలో రెండవ తరగతి చదువుతున్న పిల్ల పదిహేడున్నర నెలల తర్వాత బడికి వచ్చి నాలుగవ తరగతి గదిలో కూర్చున్నది. ఆమె మూడవ తరగతి గదిలో ఒక్క రోజు కూడా కూర్చోలేదు. రెండవ తరగతిలో సగం నేర్చుకున్న గుణింతాలు, ఒత్తులు పూర్తికాకముందే నాలుగవ తరగతి వాచకం చేతికి వచ్చింది.

బడులు మూయడం తప్పని ఈ పాఠం చెప్పడం లేదు. ఆ రోజుల్లో ఆ జబ్బు స్వభావం ఎవరికీ పూర్తిగా తెలియదు. బిడ్డ బడి నుండి తెచ్చిన జబ్బు ఇంట్లోని అవ్వకో తాతకో సోకుతుందన్న భయం నిజమైనదే. ప్రపంచమంతా అలాగే చేసింది. 2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాలలో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు బడికి దూరమయ్యారని యునెస్కో లెక్క చెప్పింది. పెద్దల ప్రాణాలు కాపాడడానికి పిల్లలు తమ చదువును ధారపోశారు. అందుకే ఆ బాకీ తీర్చవలసిన బాధ్యత పెద్దల మీదనే ఉన్నది.

అడవి అంచున బడి అంటే

పట్నంలో బడి మూస్తే చదువు ఆగుతుంది. చర్ల, దుమ్ముగూడెం, పినపాక, గుండాల వైపు బడి మూస్తే చదువుతో పాటు ఇంకా కొన్ని ఆగిపోతాయి.

మొదటిది అన్నం. ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో, మిషను బోర్డింగులో ఉన్న బిడ్డకు మూడు పూటలా తిండి, పడుకోవడానికి చోటు, ఒంట్లో బాగుండకపోతే చూసేవారు ఉంటారు. ఊరి బడికి వెళ్ళే బిడ్డకు మధ్యాహ్న భోజనమైనా దొరుకుతుంది. పెట్టె సర్దుకొని బిడ్డ ఇంటికి వచ్చిన రోజున, కూలి పని కూడా ఆగిపోయిన ఆ ఇంట్లో, పొయ్యి మీద ఎసరు పెంచవలసి వచ్చింది.

రెండవది భాష. మన కోయ బిడ్డకు ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు మాట. తెలుగు వాళ్ళ బిడ్డకు బడి లేకపోయినా తెలుగు పోదు. కోయ బిడ్డకు, కొండరెడ్ల బిడ్డకు, చత్తీస్‌గఢ్ నుండి వలస వచ్చిన గొత్తికోయల బిడ్డకు బడిలో వినే తెలుగే ప్రధానమైన తెలుగు. ఏడాదిన్నర పాటు ఆ మాట చెవిన పడకపోతే, చదవడమే కాదు, మాస్టారు చెప్పేది అర్థం చేసుకోవడం కూడా మొదటి నుండి మొదలుపెట్టాలి. పైగా 2022–23 నుండి ప్రభుత్వ బడుల్లో 1 నుండి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. తెలుగే జారిపోయిన బిడ్డ చేతికి ఇంగ్లీషు కూడా వచ్చింది.

మూడవది కాపుదల. బడిలో ఉన్నంతసేపు ఆడబిడ్డ గురించి తల్లికి భయం లేదు. బడి లేనప్పుడు ఆ బిడ్డ ఇంట్లో ఒంటరిగా ఉండాలి, లేదా తల్లితో కూలికి పోవాలి.

తల్లిదండ్రుల దిగుళ్ళు

ఆ రెండేళ్ళలో మన తల్లిదండ్రులు పడిన దిగులు చిన్నది కాదు. దానిని విశ్వాసం తక్కువై పడిన దిగులు అనడానికి వీలులేదు. బాలయేసు దేవాలయంలో కనిపించినప్పుడు, తానూ తండ్రీ ఎంత కలత చెంది వెదికారో మరియతల్లి దాచుకోకుండా చెప్పింది. పునీతురాలైన తల్లి కూడా బిడ్డ కోసం దిగులుపడింది. కనుక మన దిగుళ్ళను కూడా దాచుకోకుండా చెప్పుకుందాం.

మొదటి దిగులు ఫోను. పాఠాలు టీవీలో, ఫోనులో అన్నారు. టీవీ ఉన్న ఇల్లు ఎన్ని? ఉన్న ఒక్క ఫోను తండ్రి పనికి పట్టుకుపోతే బిడ్డకు పాఠమేది? ఫోను ఉన్నా సిగ్నలు కోసం గుట్టలు, చెట్లు ఎక్కవలసిన గూడేలు మనకు తెలియనివి కావు. 2021 ఆగస్టులో దేశంలోని 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో పేద ఇళ్ళ పిల్లలు దాదాపు 1,400 మంది మధ్య ఒక సర్వే జరిగింది. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్ పాఠాలు వింటున్నవారు 100కు 8 మందే. 37 మంది అసలు ఏమీ చదవడం లేదు. ఫోను దొరికిన చోట మరో దిగులు మొదలైంది. పాఠం కోసమని ఇచ్చిన ఫోను ఆటలకు, చూడరాని వాటికి అలవాటు చేసింది.

రెండవ దిగులు పని. ఇప్పపువ్వు రాలే రోజులు, తునికాకు కోసే రోజులు, గోదావరి ఒడ్డు చేలల్లో మిరపకోత రోజులు మన ప్రాంతంలో అందరికీ తెలిసినవే. బడి లేదు కదా అని బిడ్డను వెంట తీసుకుపోయాము. మొదట నీళ్ళ బిందె మోయడానికి, తర్వాత సగం కూలికి, ఆ తర్వాత పూర్తి కూలికి. చేతిలో డబ్బులు చూసిన పిల్లవాడికి తిరిగి పలక పట్టుకోవడం కష్టం. 2020 ఏప్రిల్‌లో జరిగిన ఒక విషాదాన్ని మనం మరువరాదు. చత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ళ ఆదివాసీ బాలిక మన పొరుగున ములుగు జిల్లాకు మిరపకోతకు వచ్చింది. లాక్‌డౌన్ వలన పని ఆగిపోగా, తోటి కూలీలతో కలిసి అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకా కొద్ది దూరంలో ఉందనగా ప్రాణం విడిచింది. యెరూషలేము దేవాలయంలో బోధకుల మధ్య కూర్చొని ప్రశ్నలు అడిగిన బాలయేసు వయస్సు కూడా 12 ఏళ్ళే. ఆ వయస్సు బిడ్డ కూర్చోవలసిన చోటు గురువుల ముందు. మిరపచేలో కాదు.

మూడవ దిగులు ఆడపిల్ల పెండ్లి. "బడి ఎప్పుడు తెరుస్తారో తెలియదు, మన కళ్ళ ముందే ఒక ఇంటిదాన్ని చేస్తే సరిపోతుంది" అన్న ఆలోచన చాలా ఇళ్ళలో వచ్చింది. దిగులుతో వచ్చిన ఆలోచనే అయినా అది పాపానికి, నేరానికి దారి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని ఆడపిల్లకు పెండ్లి చేయడం నేరం. దేవుడు ఆ బిడ్డకు పెట్టిన పిలుపు ఏమిటో తెలుసుకునే అవకాశాన్ని ఆమె నుండి లాక్కోవడం పాపం.

నాలుగవ దిగులు ఫీజు. అప్పుచేసి ప్రయివేటు బడిలో వేసిన తల్లిదండ్రులకు పని లేదు. ఫీజు రాక ఆ బడి పంతుళ్ళకు జీతం లేదు. ఫీజులు పెంచరాదని, నెలవారీగా ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలని ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. ప్రయివేటు ఉపాధ్యాయులకు 2021లో నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చి ఆదుకున్నది. అయినా బాకీ భయంతో టీసీ అడగలేక, బిడ్డను ఏ బడికీ పంపలేక మిగిలిపోయిన వారున్నారు.

లెక్కలు చెప్పేది

దేశమంతటా పల్లెల్లో పిల్లల చదువును పరీక్షించే అసర్ నివేదికలు ఉన్నాయి. వాటి ప్రకారం మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో 100కు 27.3 మంది. బడులు తెరిచిన తర్వాత 2022లో అది 20.5కు పడిపోయింది. ఐదవ తరగతి వారిలో అదే పాఠం చదవగలిగినవారు 50.5 నుండి 42.8కు తగ్గారు. ఇందులో గమనించవలసిన మాట ఒకటి ఉన్నది. అదే 2022లో 6 నుండి 14 ఏళ్ళ పిల్లల్లో బడిలో పేరున్నవారు 98.4 శాతం. అంటే పిల్లల పేర్లు బడిలోనే ఉన్నాయి. చదువు మాత్రం వెనుకబడింది. బిడ్డ గుంపులో ఉన్నాడనుకోవడం అంటే ఇదే.

ఆశ కలిగించే మాట కూడా ఉన్నది. 2024 నాటికి మూడవ తరగతి పిల్లల లెక్క మళ్ళీ 27.1కి చేరింది. చిన్న తరగతుల్లో శ్రద్ధ పెట్టి చదివిస్తే పోయినది తిరిగి వస్తుందని దీనిని బట్టి తెలుస్తున్నది. మన రాష్ట్రంలో కూడా 2022లో ప్రాథమిక బడుల కోసం తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టారు. కాని 2024లో మూడవ తరగతిలో ఉన్నవారు బడులు మూసిన నాటికి ఇంకా బడి ఈడుకు రానివారు. మూసిన నాడు ఒకటి, రెండు తరగతుల్లో ఉన్న పిల్లలు ఆ లెక్కను దాటి పై తరగతులకు వెళ్ళిపోయారు. వారిని వెదకవలసినది మనమే.

మరియమ్మ, జోజప్ప చేసినదేమిటి?

బిడ్డ లేడని తెలిసిన వెంటనే వారు చేసిన పనులను వరుసగా చూస్తే మనకు దారి దొరుకుతుంది.

ఒకటి, వారు చూసుకున్నారు. సాయంత్రం ఆగిన చోట బిడ్డ ఉన్నాడా అని బంధువులలో, తెలిసినవారిలో వెదికారు. మనం కూడా ముందుగా చూసుకోవాలి. దీనికి తల్లిదండ్రులకు చదువు రానక్కరలేదు. రెండవ తరగతి వాచకంలో బిడ్డ ఎన్నడూ చూడని పేజీ తీసి చదవమనండి. మాట్లాడినట్లుగా చదువుతున్నాడా, ఒక్కొక్క అక్షరం తడుముకుంటున్నాడా, చూడకుండా బట్టీ అప్పజెబుతున్నాడా అన్నది వింటేనే తెలిసిపోతుంది. చదివిన తర్వాత ఆ కథను మీ ఇంటి మాటలో, కోయలోనైనా సరే, చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్లు. 52లో నుండి 17 తీసివేయమనండి. ఏడవ, ఎనిమిదవ తరగతి పిల్లలనైనా సరే ఇలా చూడండి. ఎక్కడ ఆగిపోయాడో అక్కడ దొరుకుతాడు.

రెండు, వారు వెనుకకు తిరిగారు. ఒక రోజు నడిచి వచ్చిన దారిని వదులుకొని మళ్ళీ యెరూషలేముకు వెళ్ళారు. మనకు కష్టమైనది ఇదే. ఎనిమిదవ తరగతి పిల్లవాడిని కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించడం మనకూ నామోషీ, వాడికీ నామోషీ. కాని తప్పిపోయిన చోటికి వెళ్ళకుండా దొరకబుచ్చుకోలేము. వాడి చెల్లెలికి చదువు చెప్పే పని వాడికి అప్పగించండి. ఆ వంకతో తానూ నేర్చుకుంటాడు, నలుగురిలో చిన్నబోనక్కరలేదు.

మూడు, వారు మూడు రోజులు వెదికారు. ఒక్క రోజుతో మానలేదు. ఏడాదిన్నర పోయిన చదువు వారం రోజుల్లో రాదు. రోజుకు అరగంట, దీపాలు పెట్టే వేళ, క్రమం తప్పకుండా చదివిస్తే చాలు.

నాలుగు, వారు గురువుల దగ్గరకు వెళ్ళారు. బిడ్డ అక్కడే కనిపించాడు. మనం బడికి వెళ్ళి మాస్టారును కలిసేది ఎన్నిసార్లు? పంటల రోజుల్లో తీరదు, సరే. మిగిలిన రోజుల్లో నెలకు ఒక్కసారైనా వెళ్ళండి. 2024లో ఏర్పాటైన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలలో మన సంఘాల మహిళలే ఉన్నారు. వారి ద్వారా అడగండి.

ఐదు, తల్లి బిడ్డను అడిగింది. కొట్టలేదు. తమ బాధ చెప్పి, ఎందుకిలా చేశావని అడిగింది. బిడ్డ జవాబు వారికి పూర్తిగా అర్థం కాకపోయినా దానిని తన హృదయంలో పదిలపరచుకొన్నది. బడికి పోనని మొండికేసే బిడ్డ వెనుక ఒక కారణం ఉంటుంది. పాఠం అర్థం కాకపోవడం, వయస్సులో చిన్నవారితో కూర్చోవలసి రావడం, హాస్టల్లో ఎవరో కొట్టడం. అడిగితేనే తెలుస్తుంది.

చట్టం ఇచ్చిన హక్కులు

బడి మానేసిన బిడ్డను మళ్ళీ చేర్చడానికి దారులున్నాయి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ళ లోపు బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు ఆ బిడ్డకు ఉన్నది. 14 ఏళ్ళు దాటినా ఎనిమిదవ తరగతి పూర్తయ్యేవరకు ఆ హక్కు పోదు. టీసీ రాలేదనో, వయస్సు ధ్రువపత్రం లేదనో ఎలిమెంటరీ తరగతుల్లో చేర్చుకోవడం మానరాదు. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. వయస్సు మించిపోయిన వారు ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి వ్రాయవచ్చు. బిడ్డను పనిలో పెట్టినా, బాల్యవివాహానికి ప్రయత్నించినా 1098కి ఎవరైనా ఫోను చేయవచ్చు. డబ్బు ఖర్చు కాదు.

శ్రీసభ బాధ్యత

ద్వితీయ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన క్రైస్తవ విద్యా ప్రకటనలో, బిడ్డలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని స్పష్టంగా బోధించింది. "మాకే చదువు రాదు, మేమేం గురువులం?" అని నిరుత్సాహపడవద్దు. దేవుని మాటలను ఇంట కూర్చున్నప్పుడు, దారిని నడిచేటప్పుడు బిడ్డలకు చెప్పమని ద్వితీయోపదేశకాండం (6:7) ఆదేశించినది బడి పంతుళ్ళను కాదు, తల్లిదండ్రులనే. కట్టకు 50 ఆకుల చొప్పున 1,000 కట్టలు కడితే ఒక స్టాండర్డ్ బ్యాగు తునికాకు అవుతుందని తెలిసిన తల్లికి లెక్కలు రావని ఎవరన్నారు? ఆ కట్టలు లెక్కపెట్టే చోట బిడ్డను కూర్చోబెట్టి లెక్క చెప్పించండి. కూలికి కాదు, చదువుకు. అది గుణకారమే.

దివంగత పోపు ఫ్రాన్సిస్ 2020 అక్టోబరు 15న ఇచ్చిన సందేశంలో ఈ కాలాన్ని విద్యకు వాటిల్లిన మహావిపత్తుగా కొందరు పేర్కొంటున్న సంగతిని ప్రస్తావించారు. కోటిమంది పిల్లలు బడి మానవలసి రావచ్చునని ఆవేదన చెందుతూ, కుటుంబాలు, బడులు, సమాజం కలిసి విద్యకోసం ఒక ఒడంబడిక చేసుకోవాలని కోరారు.

1988లో వరంగల్ మేత్రాసనం నుండి విడివడి ఏర్పడిన మన ఖమ్మం మేత్రాసనంలో గుడి పక్కన బడి, బడి పక్కన బోర్డింగు కొత్తవి కావు. ఇప్పుడు కావలసినది కొత్త భవనం కాదు. సాయంత్రం వేళ గుడి వరండాలో ఒక బల్బు, ఒక చాప, ఇంటరు చదివిన ఒక అక్క లేక అన్న. కోయ, తెలుగు రెండూ తెలిసిన యువకులు మన విచారణల్లో ఉన్నారు. ఉపదేశిగారు జ్ఞానోపదేశం చెప్పే పిల్లల్లో ఎవరు వాచకం చదవలేకపోతున్నారో వారికి ఇప్పటికే తెలుసు. దివ్యబలిపూజలో పఠనం చదవడానికి ఎప్పుడూ ఆ బాగా చదివే ఇద్దరినే పిలవకుండా, తడబడే బిడ్డకు వారం ముందు ఇచ్చి నేర్పించి చదివించవచ్చు. క్రైస్తవుల బిడ్డలనే కాక, గూడెంలో అందరి బిడ్డలనూ ఆ చాప మీద కూర్చోబెట్టాలి.

ఒక్క మాట ఆలోచించండి. 2020లో పునరుత్థాన పండుగ నాడు కూడా మన గుడులు మూసే ఉన్నాయి. జూన్ 8 వరకు తెరవలేదు. అయినా మన విశ్వాసం ఆగిందా? ఇంట్లోనే జపమాల చెప్పుకున్నాము, వాక్యం చదువుకున్నాము. గుడి మూసినప్పుడు ఇల్లు గుడి అయింది. బడి మూసినప్పుడు ఇల్లు బడి కావలసింది. మనకు ఆ అలవాటు లేకపోయింది.

మళ్ళీ మూతపడితే

బడి మూతపడడం మన ప్రాంతానికి అంటువ్యాధి కాలంలోనే వచ్చే సంగతి కాదు. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత వరద రావడం అదే. కరోనా సెలవుల నుండి తేరుకోకముందే ఆ వారమంతా బడులు మళ్ళీ మూతపడ్డాయి. ముంపు ఊళ్ళ ప్రజలు పునరావాస కేంద్రాలకు తరలిపోయారు. గోదావరి మళ్ళీ వస్తుంది. జబ్బు మళ్ళీ రావచ్చు. అందుకే ప్రతి ఇంట్లో ఒక చిన్న ఏర్పాటు ఉండాలి. గత ఏడాది వాచకాలను పాత కాగితాలకు అమ్మకుండా ప్లాస్టిక్ సంచిలో దాచండి. ఒక ఎక్కాల పుస్తకం, పలక, బిడ్డ ఆధార్ నకలు, టీసీ నకలు అందులోనే పెట్టండి. బడి మాస్టారు ఫోను నంబరు ఇంటి గోడ మీద వ్రాసుకోండి. బడి మూసిన మూడవ నాటికి ఊరి పిల్లలు ఎక్కడ కూర్చొని చదవాలో, ఎవరు కూర్చోబెట్టాలో సంఘంలో ముందే నిర్ణయించుకోండి.

సువిశేషంలో ఈ సంఘటన దేవాలయంలో ముగియదు. బిడ్డ తల్లిదండ్రులతో నజరేతుకు తిరిగి వచ్చాడు, వారికి విధేయుడై ఉన్నాడు, జ్ఞానమందును, ప్రాయమందును వర్ధిల్లాడని లూకా చెబుతాడు. మన బిడ్డలు ప్రాయంలో ఎదుగుతూనే ఉన్నారు. అది ఆగదు. జ్ఞానంలో కూడా ఎదుగుతున్నారా అన్నది ఈ రాత్రి వాచకం తీసి చూస్తే తెలుస్తుంది.

కుటుంబంలో, సంఘంలో చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో బడులు మూసిన నాటికి చిన్న తరగతుల్లో ఉన్న బిడ్డలు ఎవరు? వారు ఇప్పుడు ఏ తరగతి? ఏ తరగతి వాచకం చదవగలుగుతున్నారు?

2. మన గూడెంలో ఆ రెండేళ్ళలో బడి మానేసి తిరిగి వెళ్ళనివారు ఎవరైనా ఉన్నారా? వారి ఇంటికి ఈ వారం ఎవరు వెళ్తారు?

3. మన గుడి ఆవరణలో సాయంత్రం చదువు మొదలుపెట్టడానికి అడ్డంగా ఉన్నదేమిటి?

ప్రార్థన

ప్రభువైన యేసువా, నీవు తప్పిపోయినప్పుడు నీ తల్లిదండ్రులు పడిన వేదన నీకు తెలుసు. బడి మూతపడి దారి తప్పిన మా బిడ్డలను వెదకే ఓపిక మాకు దయచేయుము. వెనుకకు తిరిగి వెళ్ళడానికి సిగ్గుపడని మనస్సును మాకిమ్ము. చిన్న వయస్సులోనే 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకు గురై నీ సన్నిధి చేరిన ఫాతిమా పునీతులు ఫ్రాన్సిస్కో, జసింతల వేడుదల వలన మా పిల్లలందరిని వ్యాధుల నుండి, అజ్ఞానం నుండి కాపాడుము. ఆమెన్.